అంగారకుని నేలమీది గుంటలును, ఎండిన యేఱులును



ఈ సాయంకాలము నేను చెప్పబూనినది మన పంచాంగములలో కుజుడనియు, అంగారకుడనియు, మంగళుడనియు వ్రాయబడు గ్రహమును గుఱించి. జాతకములలో ఆ గ్రహము చేయు మేలుకీడుల మాట నేనెత్తను. అది నాకు వచ్చిన విద్య గాదు. ఆ గ్రహమునకును నేల యున్నది. ఆ నేలమీద కొండలును, గుంటలును, నీరింకిన యేఱులును ఉన్నవి. మనుష్యులు పంపిన యంత్రములు పైనుండి వానిని చూచి చిత్రములు తీసినవి. ఆ చిత్రములను చదువుట యెట్లో చెప్పవలెనని నా యుద్దేశము. మన కర్నూలు కడప సీమలవారికి ఆ చదువు సుళువుగా పట్టుపడునని నా నమ్మకము; ఏలయన, నీరు లేని యేటిని చూచి నీటి సంగతి తెలిసికొనుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఈ ప్రసంగమునకు మూలము మా పెద్దనాయన. జమ్మలమడుగు ప్రాంతమున మెట్టసేద్యము చేయువాడు. 2016వ సంవత్సరము నవంబరులో క్రొత్త రెండువేల రూపాయల నోటు వచ్చినప్పుడు, దానిని వెనుకకు త్రిప్పి, "ఇదేంది రా అబ్బీ, రెక్క తెరిచిన పెట్టె మాదిరి ఉంది?" అని నన్నడిగెను. ఆ నోట్లను 2023లో చలామణినుండి తీసివేయ నారంభించిరి గాని, ఆ బొమ్మ మీలో చాలమందికి జ్ఞాపకముండును. అది మంగళయానమనియు, మనదేశమువారు అంగారకునివద్దకు పంపిన నౌక యనియు చెప్పితిని. ఆయన కొంతసేపు నోటివంకనే చూచి, "మన యేట్లో నీళ్ళు లేవు. వాని యేట్లో నీళ్ళుండెనా లేదా అని చూసేకి ఇంత దుడ్డు పెట్టవలెనా?" అనెను. ఆ యేడు మా పొలములో బోర్లు రెండును ఎండిపోయి యుండెను. నాకప్పుడు జవాబు తోచలేదు. 

మొదట ఆ నౌక కథ. 2013 నవంబరు 5వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 38 నిమిషములకు, పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోటనుండి దానిని మోసికొని రాకెట్టు లేచినది. నౌక బరువు 1,337 కిలోగ్రాములు. అందులో సగమునకు మించి ఇంధనమే. చిత్రములు తీయుటకును, గాలిని పరీక్షించుటకును ఉంచిన పరికరములు అయిదు. ఆ యయిదింటిని కలిపి తూచినను సుమారు పదునైదు కిలోగ్రాములు. దానిని నేరుగా అంగారకునివద్దకు విసరునంతటి బలము ఆ రాకెట్టునకు లేదు. కావున మనవారు దానిని భూమి చుట్టును కొన్ని మాఱులు త్రిప్పుచు, తడవతడవకు వేగము హెచ్చించి, డిసెంబరు 1వ తేదీ తొలిజామున వదలిరి. జొన్నచేలలో మంచెమీది కాపరి వడిసెలను త్రిప్పి త్రిప్పి రాయి వదలునట్లే యనుకొనుడు. అటుపిమ్మట ఇంచుమించు 300 దినములు, 65 కోట్ల కిలోమీటర్లకు పైగా ప్రయాణము. 2014 సెప్టెంబరు 24వ తేదీ ఉదయము, అన్నినాళ్ళు నిదురించిన యంత్రము మేల్కొని సుమారు 24 నిమిషములు మండి, నౌక వేగమును తగ్గింపవలెను. తగ్గనిచో నౌక అంగారకుని దాటి శూన్యములో పడిపోవును. అచటినుండి వార్త యిచటికి చేరుటకు పండ్రెండున్నర నిమిషములు పట్టును. జరుగవలసినది జరిగిపోయిన పిదప గాని మనకు తెలియదన్నమాట. అది సవ్యముగా జరిగినది. మొదటి ప్రయత్నముననే అంగారకుని చేరిన దేశము మనది.

ఆఱు నెలలు పనిచేసిన చాలునని చేసిన నౌక యది. 2022 ఏప్రిలు వఱకు, అనగా ఏడున్నర సంవత్సరములకు పైగా, మాటలాడుచునే యుండి, తరువాత మూగవోయినది. దాని మార్గము కోడిగ్రుడ్డుకంటెను సాగిన యాకారము గలది. ఒక కొసన నేలకు 420 కిలోమీటర్ల దగ్గరకు దిగును. మఱియొక కొసన 77,000 కిలోమీటర్ల దూరమునకు పోవును. ఒక్క చుట్టునకు మూడు దినములు. అహమ్మదాబాదులో చేసిన దాని రంగుల కెమెరా అతి సూక్ష్మమైనదేమియు గాదు. 2006 నుండి అంగారకుని చుట్టుచున్న అమెరికావారి నౌక యొకటి ఎడ్లబండి యంతటి వస్తువునుగూడ గుర్తింపగలదు, మనది అట్లు గుర్తింపలేదు. కాని దూరమునకు పోవునప్పుడు గ్రహమునంతటిని ఒక్క పటములో ఇముడ్చుట మన నౌకకు చేతనైన పని. ఊరిని గుట్టమీదినుండి చూచినట్లు.

ఇక చిత్రమును చేత బట్టుదము. మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, "వెలుతురు ఏ వైపునుండి వచ్చుచున్నది?" అని. ఇది తెలియనివానికి గుంట గుట్టగాను, గుట్ట గుంటగాను కనబడును. నేనును మొదట మోసపోయితిని. పటమును తలక్రిందులు చేయగానే గుంటలన్నియు బోర్లించిన చట్లవలె పైకి లేచినవి! సాయంకాలము పొలములో నిలిచి చూడుడు. ఎండ పడమటినుండి వచ్చునప్పుడు గట్టుకు నీడ తూర్పున పడును, గుంటకు నీడ లోపలి పడమటి యంచున పడును. మిట్టమధ్యాహ్నము గట్టును, గుంటయు రెండును చదునుగానే తోచును. చిత్రము చదువువాడు నీడను చదువవలెను.

ఈ నియమము తెలియకయు, దూరదర్శినులు చాలకయు పూర్వులు పొరబడిన కథ యొకటి మనసీమకు సంబంధించినట్లే తోచును. 1877లో ఇటలీదేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి అంగారకునిమీద సన్నని గీతలు కనుగొంటి ననెను. తరువాత అమెరికాలో లోవెల్ అను నాయన, ఆ గీతలు కాలువలనియు, అచట నీరు కఱవై, ధ్రువములవద్ద కరగు మంచునీటిని ఎండునేలలకు తెచ్చుకొనుటకై అచటి ప్రజలు త్రవ్విరనియు వాదించెను. స్కియాపరెల్లి ఆ గీతలు చూచిన కాలమున మన జిల్లాలలో ధాత కఱవు. సుంకేసులనుండి తుంగభద్రనీరు తెచ్చు కర్నూలు కడప కాలువ అప్పటికి త్రవ్వియే యుండెను. కఱవునకు కాలువ త్రవ్వుకొను మనుష్యులను గుఱించి లోవెల్ దొర ఆకాశములో వెదకెను. ఆయన యూహ తప్పు. 1965 జులైలో మారినరు 4 అను నౌక అంగారకుని ప్రక్కగా పోవుచు కొన్ని చిత్రములు పంపగా, కాలువలు లేవు, మనుష్యులు లేరు, ఉన్నవి గుంటలు.

ఈ గుంటలు ఎట్లు కలిగెను? ఆకాశమున తిరుగు రాళ్ళు పడుటచేత. వేసవిలో బండ్లబాట దుమ్ములో ఒక గులకరాయి వదలినచో గుండ్రని పల్లమును, దానిచుట్టు మెత్తని గట్టును, ఆపైన చిమ్మిన దుమ్మును కనబడును. పోలిక యంతవఱకే. ఆకాశపు రాయి సెకనునకు అనేక కిలోమీటర్ల వేగముతో వచ్చి తాకును. అప్పుడది గ్రుచ్చుకొనదు, ప్రేలును. బావిలో తూటా ప్రేల్చినట్లగును. అందుచేతనే రాయి ఏటవాలుగా వచ్చినను గుంట గుండ్రముగానే యుండును; రాతికంటె గుంట పది యిరువది రెట్లు పెద్దదగును. మఱియు పెద్ద గుంటల నడుమ ఒక శిఖరము లేచి యుండును. నిండుబావిలో రాయి వేసినప్పుడు నీరు నడుమ పైకి లేచును గదా. ఆ దెబ్బకు బండయు అట్లే లేచి, లేచినది లేచినట్లే గట్టిపడిపోవును.

నాకు మిక్కిలి నచ్చిన గుంటలు వేఱొక రకమువి. దుమ్ములో రాయి వేసినచో దుమ్ము పలుచగా నలుదెసల చిమ్మును. అదే రాయిని కుంట యెండుటకు ముందు అడుగున మిగులు బురదలో వేసిచూడుడు. బురద చిమ్మక, నాలుకలు నాలుకలుగా పాఱి, కొంతదూరము పోయి, అంచున చిన్నకట్ట కట్టి నిలుచును. అంగారకునిమీద అనేక గుంటల చుట్టు మట్టి యిట్లే బురదవలె పాఱి, కట్ట కట్టి నిలిచియున్నది. గాలి తప్ప తడి యెఱుగని ఎండునేలయైనచో అట్లు పాఱుట కష్టము. కావున ఆ నేలక్రింద మంచుగడ్డ యుండెననియు, తాకిడి వేడిమికి కరగి మట్టిని బురద చేసెననియు పలువురు శాస్త్రజ్ఞులు తలంతురు. గుంట త్రవ్వినది రాయి. సాక్ష్యము చెప్పినది బురద.

గుంటలను లెక్కించి నేల వయస్సు చెప్పుట మఱియొక విద్య. తొలకరి చినుకులు దుమ్ముబట్టిన వాకిటిలో పడునప్పుడు, చినుకు గుఱుతులు నాలుగే యున్న వాన యిప్పుడే మొదలైనదనియు, ఒత్తుగా నున్న కొంతసేపటినుండి పడుచున్నదనియు మీరెఱుగుదురు. అట్లే అంగారకుని దక్షిణార్ధము గుంటమీద గుంటగా స్ఫోటకపు మచ్చల మొగమువలె నున్నది. అది మిక్కిలి ప్రాచీనమైన నేల. ఉత్తరార్ధము పల్లము, చాలవఱకు నునుపు. తరువాత ఏదియో దానిని కప్పివేసినది. మఱి మన భూమిమీద రాళ్ళు పడలేదా? పడినవి. కాని మన వానలు కడిగివేసినవి, ఏఱులు పూడ్చినవి, భూమి తన చర్మమునే మాటిమాటికి మార్చుకొన్నది. మనకు దగ్గఱలో మిగిలినది మహారాష్ట్రమున బుల్దానా జిల్లాలోని లోనారు గుంట. సుమారు ఒకటిన్నర మైలునకు లోపు వెడల్పు, అడుగున ఉప్పునీటి కొలను. దాని రాయి నల్లని లావాబండ. అంగారకుని నేలయు అట్టి లావాబండతో నిండినదగుటచే, శాస్త్రజ్ఞులు లోనారునకు పోయి అంగారకునిగూర్చి చదువుకొందురు.

గుంటలకు పేర్లు పెట్టు పద్ధతి వినోదమైనది. పెద్దవానికి గతించిన శాస్త్రజ్ఞుల పేర్లు, చిన్నవానికి లోకమందలి చిన్న యూళ్ళ పేర్లు. నగరములకు ఆ భాగ్యము లేదు. సుమారు లక్షకు లోబడిన జనసంఖ్య గల యూరై యుండవలెను. 2024లో భారతీయ శాస్త్రజ్ఞుడు దేవేంద్రలాల్ పేర ఒక గుంటకును, ఉత్తరప్రదేశమునందలి ముర్సాన్, బీహారునందలి హిల్సా అను నూళ్ళపేర మఱి రెంటికిని నామకరణము జరిగెను. అంతకుముందే అంగారకునిమీద లోనారు గుంటయు ఒకటి కలదు. మఱియు, రాయదుర్గము గుంట కలదు! మన అనంతపురపు రాయదుర్గమే. ఎండలో మనకు తీసిపోని యూరు గనుక, ఆ యెంపిక నాకు తగినట్లే తోచినది.

కొండలమాట క్లుప్తముగా చెప్పెదను. 1971లో మారినరు 9 మొదటిమాఱు అంగారకుని చుట్టజొచ్చినప్పుడు గ్రహమంతయు దుమ్ముతుపానులో మునిగి యుండెను. దుమ్ము దిగుచుండగా నాలుగు నల్లని మచ్చలు ముందు తేలినవి. అవి నాలుగు అగ్నిపర్వతముల శిఖరములు. వానిలో పెద్దదగు ఒలింపసు ఎత్తు ఇరువది కిలోమీటర్లకు మించును. దాని పాదము 600 కిలోమీటర్ల వెడల్పు. ఒక యంచు కర్నూలులో నుంచినచో రెండవ యంచు ఇంచుమించు విశాఖపట్టణము చేరును.

లోయ సంగతి కొంత నిలిచి చెప్పవలెను. మనకు గండికోట కలదు. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పాఱిన ఆ లోయ సుమారు మూడువందల అడుగుల లోతు. కొసన నిలిచి తొంగిచూచువానికి కాళ్ళు వణకును. అంగారకునిమీది మారినరు లోయ నాలుగు వేల కిలోమీటర్ల పొడవు. కన్యాకుమారి మొదలు కాశ్మీరమువఱకు పఱచినను ఇంకను మిగులును. వెడల్పు కొన్నిచోట్ల కడపనుండి కర్నూలునకు పోవు బాటంత; లోతు కొన్నిచోట్ల ఏడు కిలోమీటర్లు. మన మంగళయానపు చిత్రములలో నిది గ్రహము మొగముమీది గాటువలె చక్కగా కనబడును. దీనిని చూడగానే "ఎంత పెద్ద యేఱు పాఱెనో!" అని మనకు నోరూరును. కాని ఇది ప్రధానముగా ఏఱు కోసినది గాదు. ప్రక్కనున్న అగ్నిపర్వతభూమి ఉబ్బగా నేల సాగి, పగిలి, నడిమి భాగము క్రుంగినది. వేసవిలో నల్లరేగడి నెఱ్ఱె విచ్చునట్లు. తరువాత అంచులు విఱిగిపడి వెడల్పైనది. నీరును కొన్నిచోట్ల పాఱినది గాని, అది పిమ్మటి కథ. లోతు గలదంతయు ఏఱని నమ్మరాదు.

నిజమైన యేఱుల గుఱుతులు వేఱు. దక్షిణభాగపు ప్రాచీనభూమిమీద సన్నని వంకలు వంకలతో కలిసి, అవి యేఱులై, చెట్టుకొమ్మలు మోడులో కలిసినట్లు కనబడును. పాపాఘ్ని, చిత్రావతి, కుందూ, చెయ్యేరు పెన్నలో కలియు పటమును చూచినవానికి అది క్రొత్త గాదు. పగిలిన నేల అట్లు కొమ్మలు వేయదు, నీరే వేయును. మఱికొన్నిచోట్ల పెనువరద పాఱిన మార్గములున్నవి. వానిలో దీవులు ఒకవైపు మొద్దుగాను, మఱియొకవైపు తోకగాను ఉన్నవి. మన యిసుక యేఱులలో బండకు దిగువన ఇసుక తోక కట్టునే, అట్లు. తోక యెటుండునో నీరటు పోయినది.

జెజెరో అను గుంట యొకటి 45 కిలోమీటర్ల వెడల్పుగలది. ఒక ప్రాచీనపు టేఱు దాని గట్టు తెగగొట్టి లోనికి దిగినచోట మట్టి విసనకఱ్ఱవలె విచ్చుకొని యున్నది. వంక చెఱువులోనికి దిగుచోట ఒండ్రు ఎట్లు పఱచుకొనునో మీకు నేను చెప్పవలెనా? 1369లో పోరుమామిళ్ళ చెఱువు శాసనము చెక్కించినవారు మంచి చెఱువునకు పండ్రెండు అంగములు లెక్కించిరి. ఆ మహానుభావులకీ చిత్రము చూపినచో, "ఇది చెఱువే" యని క్షణములో చెప్పియుందురు. అందుచేతనే 2021 ఫిబ్రవరిలో అమెరికావారు తమ చక్రముల యంత్రమును అచట దింపిరి. అంతకుముందు, 2012లో, గేలు అను గుంటలో దిగిన యంత్రము కొన్ని వారములలోనే నునుపైన గులకరాళ్ళు అతుకుకొనిన బండను కనుగొన్నది. రాయి రాయి దొర్లి నునుపగుటకు గాలి చాలదు. చీలమండనుండి నడుమువఱకు లోతుగల యేఱు పాఱెనని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఆ గేలు గుంట పాత కడప జిల్లాకంటె విశాలము. దాని లోపలి రాళ్ళు కడప బండవలె పొరలు పొరలుగా నున్నవి. నిలుకడ నీటి అడుగున మట్టి పేరినచో అట్టి సన్నని పొరలు కట్టును.

మఱి ఆ నీరేమైనది? అంగారకుడు మన భూమిలో సగము వెడల్పుగల చిన్నవాడు. చిన్న కుంపటి త్వరగా చల్లాఱును. లోపలి వేడి తగ్గగా, అతని చుట్టునుండిన అయస్కాంతపు కవచము నశించినది. సూర్యునినుండి వీచు కణముల గాలి అతని వాతావరణమును కొద్దికొద్దిగా ఊడ్చుకొనిపోయినది. నేడు మిగిలిన గాలి మనదానిలో నూఱవవంతునకు లోపు. అందును అధికభాగము బొగ్గుపులుసు వాయువు. అంత పలుచని గాలిక్రింద నీరు నేలమీద నిలువదు. గడ్డకట్టును, లేదా ఆవిరియగును. కొంత నీరు ఆకాశమునకు పోయినది, కొంత ధ్రువములయందును, నేలక్రిందను మంచైనది, కొంత రాళ్ళలో కలిసిపోయినది. మూడువందల యేబది కోట్ల సంవత్సరములకు పూర్వపు మాట యిది. ఇప్పుడు అచట తిరుగునది సుడిగాలి యొక్కటే. మన చేలలో చైత్రవైశాఖములందు లేచు సుడిగాలులవంటివే, కాని కొన్ని కిలోమీటర్ల ఎత్తు. అవి పోయిన దారి నేలమీద గీతలై పైనుండి కనబడును. ఇనుపత్రుప్పు కలిసిన ఎఱ్ఱదుమ్మును అవి ఊడ్చుకొనిపోగా, అడుగునున్న నల్లని నేల బయటపడును.

ఇక మా పెద్దనాయన ప్రశ్న. మంగళయానమునకైన వ్యయము సుమారు 450 కోట్ల రూపాయలు. దేశమునందలి తలకు నాలుగు రూపాయలలోపు. ఈ లెక్క చెప్పిన ఆయన, "నాలుగు రూపాయలైనా నాదే గదా" అనెను. అది న్యాయము. ఆ నౌక పెన్నలోనికి ఒక్క చెంబు నీరు తేలేదు; తెచ్చునని నేను చెప్పను. కాని హైదరాబాదునందలి దూరసంవేదన కేంద్రమువారు, మన భూమిని చుట్టు ఉపగ్రహముల చిత్రములు చదివి, ఏ నేలక్రింద నీరుండవచ్చునో గ్రామములకు పనికివచ్చు పటములు వ్రాసిరి. బండలోని పగుళ్ళు, పూడిన పాతవంకలు, వేసవిలోను పచ్చదనము వదలని గీతలు, వీనిని పైనుండి గుర్తించుటయే ఆ విద్య. ఆ పటములు మంగళయానమునకు పూర్వమే మొదలైనవి గనుక, అవి దాని ఫలమనుట కల్ల. ఇచటి నేలను చదువు కన్నును, అచటి నేలను చదువు కన్నును ఒక్కటే యని మాత్రము చెప్పగలను. పటము చూడక బోరు వేసి, అప్పుపాలైన యిండ్లు మా యూరిలోనే యున్నవి. మాదియు అందులో నొకటి. పటమున్నను నీరు పడుననుట కూడ నిశ్చయము గాదు. తప్పుటకు అవకాశము తగ్గును, అంతే.

ఆయన దీనికి ఒప్పుకొనెనో లేదో నాకు తెలియదు. ఆ సాయంకాలము నన్ను మా వంకలోనికి తీసికొనిపోయి, అడుగున పరచుకొనిన పలుచని రాళ్ళను చూపెను. అవి యన్నియు పెంకులు పేర్చినట్లు ఒకదానిపై నొకటి వాలి, ఎగువవైపునకే తలవంచి యుండెను. "నీళ్ళు ఇట్లొచ్చి అట్ల పోయినాయి. రాయి చెప్తుంది సూడు," అనెను. గేలు గుంటలోని గులకరాళ్ళ చిత్రము నా సంచిలో నుండగా తీసి యిచ్చితిని. కండ్లద్దములు సవరించుకొని చాలసేపు చూచి, "ఇది మన వంకే," అనెను.

అంగారకుని మీరును కన్నులార చూడవచ్చును. ఇరువదియాఱు నెలల కొకమాఱు అతడు భూమికి ఎదురుగా వచ్చి, సూర్యుడు క్రుంకువేళకు తూర్పున లేచును. 2027 ఫిబ్రవరి 19న అట్లు వచ్చుచున్నాడు. ఆ మఱునాటి రాత్రి మాఘపౌర్ణమి. నిండుచంద్రుని చెంతనే, మఖానక్షత్రమునకు దగ్గఱగా, మినుకుమినుకు మనక నిలుకడగా వెలుగు ఎఱ్ఱని చుక్క అతడే. దూరదర్శిని యక్కఱలేదు. మా పెద్దనాయన ఆ తేదీని గోడమీద బొగ్గుతో వ్రాసియుంచెను.